ఒకే బాణీలో అర్ధశతాబ్ది: ఏసీ/డీసీ ఆల్బముల చరిత్ర

1973లో సిడ్నీ నగరంలో మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అనే అన్నదమ్ములు నెలకొల్పిన ఏసీ/డీసీ బృందం 1975 నుంచి 2020 వరకు ఆస్ట్రేలియాలో విడుదల చేసిన 17 స్టూడియో ఆల్బములను వరుసగా వినే శ్రోతకు తొలుత కలిగే అభిప్రాయం, ఇవన్నీ ఒకే ఆల్బముకు తీసిన నకళ్లన్నదే. విమర్శకులు దశాబ్దాలుగా ఆ బృందం మీద మోపుతూ వచ్చిన అభియోగం కూడా అదే కాగా, బృందంలోని వారు దానిని ఖండించే శ్రమ సైతం తీసుకోలేదు. అయితే ఈ మార్పులేనితనాన్ని సోమరితనంగా భావించేవారు దాని పుట్టుకను పట్టించుకోనివారే అనాలి. ఒక వలస కుటుంబం చేదు అనుభవం నుంచి నేర్చుకున్న పాఠం, ఒక పాత సిడ్నీ వ్యాపార కుటుంబపు పని పద్ధతి, మద్యపాన చట్టాల పుణ్యమా అని ఆస్ట్రేలియాలో ఏర్పడిన ఒక విచిత్రమైన శ్రోతృవర్గం కలిసి ఆ బాణీని తయారుచేశాయి. బాణీ మారకపోయినా నాణ్యతలో ఎత్తుపల్లాలు చాలానే ఉన్నాయి గనుక, ఏ ఆల్బమును ఎవరు, ఎక్కడ, ఎంత సంయమనంతో రికార్డు చేశారన్న ప్రశ్నతోనే ఈ చరిత్రను చదవవలసి ఉంటుంది.

హెవీ మెటల్ అనేది 1960ల చివర బ్రిటన్‌లో లెడ్ జెపెలిన్, బ్లాక్ సబ్బత్, డీప్ పర్పుల్ వంటి బృందాల చేతిలో రూపుదిద్దుకున్న రాక్ సంగీత శాఖ. విద్యుత్ గిటారు ధ్వనిని యాంప్లిఫయరు సాయంతో బరువుగా, గరుకుగా మార్చి, పెద్ద డ్రమ్ముల తోడుతో వాయించడం దీని లక్షణం. ఆస్ట్రేలియాలో ఈ బరువైన ధ్వనికి తొలి ప్రతినిధిగా 1972లో మొదటి ఆల్బము విడుదల చేసిన బఫెలో అనే సిడ్నీ బృందాన్ని చెప్పుకోవచ్చు. రికార్డుల దుకాణాలు ఏసీ/డీసీని మెటల్ అరలోనే పెడుతూ వచ్చినా, ఆ బృందం మాత్రం తమది ఉత్త రాక్ అండ్ రోల్ అని, చక్ బెర్రీ వంటి అమెరికా నల్లజాతి సంగీతకారుల నుంచి వచ్చినదని పట్టుబడుతూనే ఉంది. సంగీత నిర్మాణం దృష్ట్యా చూస్తే బృందం మాటే సరైనది. కానీ ఆ ధ్వని తీవ్రతను, దానిని ఆరాధించిన శ్రోతలను, దాని నుంచి నేర్చుకున్న తర్వాతి తరం మెటల్ బృందాలను చూస్తే దుకాణదారు మాటనూ కొట్టివేయడం సాధ్యం కాదు.

యంగ్ కుటుంబం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరపు క్రాన్‌హిల్ అనే కార్మికవాడ నుంచి, అతి కఠినమైన చలికాలం గడిచిన తర్వాత, 1963లో సిడ్నీకి వలస వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత జనాభా పెంచుకోవాలనుకున్న ఆస్ట్రేలియా ప్రభుత్వం, పెద్దవారికి పది పౌండ్ల నామమాత్రపు ఛార్జీతో, పిల్లలకు ఉచితంగా ఓడ ప్రయాణం కల్పించి బ్రిటిషువారిని రప్పించుకున్న కాలమది. ఆ సౌకర్యం ఆసియా వాసులకు వర్తించేది కాదన్న సంగతి తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగినది. వలసదారులను జాతిని బట్టి వడపోసే ‘శ్వేత ఆస్ట్రేలియా’ విధానపు చివరి అవశేషాలను ప్రధాని విట్లమ్ ప్రభుత్వం తొలగించినది 1973లో, అంటే సరిగ్గా ఈ బృందం పుట్టిన ఏడాదిలోనే. యంగ్ కుటుంబం మొదట విలవుడ్ వలసదారుల వసతి గృహంలో దిగింది. అక్కడే వారి పెద్ద కొడుకుల్లో ఒకడైన జార్జ్‌కు హాలండ్ నుంచి వచ్చిన హ్యారీ వాండా అనే యువకుడితో పరిచయం కలిగి, 1964లో ఈజీబీట్స్ అనే బృందం పుట్టింది. స్కాట్లాండ్, హాలండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చిన కుర్రాళ్లతో ఏర్పడిన ఈ బృందం 1966లో ‘ఫ్రైడే ఆన్ మై మైండ్’ పాటతో బ్రిటన్‌లోనూ పేరు తెచ్చుకుంది. అంతటి విజయాన్ని అందుకున్న తర్వాత మాత్రం పాటపాటకూ శైలి మారుస్తూ, ఒకసారి మృదువైన ప్రేమగీతానికి, మరోసారి వాద్యసమ్మేళనాల ఆడంబరానికి మొగ్గుతూ, ఎవరి కోసం పాడుతున్నదో తెలియని స్థితికి చేరి, అప్పుల భారంతో 1969లో చెదిరిపోయింది. శ్రోతకు ఒకసారి నచ్చినదాన్ని విడిచి పక్కదారి పట్టకూడదన్న పాఠం జార్జ్ యంగ్ నేర్చుకున్నది అక్కడే. తమ్ముళ్లకు ఆయన ఇచ్చిన ఆస్తి అంతకన్నా పెద్దది లేదు.

ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టడానికి ఒక స్థలం, పెట్టుబడి అవసరం కాగా, వాటిని సమకూర్చినది ఆల్బర్ట్ కుటుంబం. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జాక్ ఆల్బర్ట్ అనే గడియారాల పనివాడు 1880లలో సిడ్నీలో మొదలుపెట్టిన దుకాణం, తర్వాతి తరంలో సంగీత వ్యాపారంగా మారి, బూమెరాంగ్ అనే పేరుతో అమ్మిన మౌతార్గాన్ల వల్ల, పాటల పుస్తకాల వల్ల ఆ దేశంలో ఇంటింటికీ తెలిసింది. ఆ వంశంలోని టెడ్ ఆల్బర్ట్ 1964లో ఆల్బర్ట్ ప్రొడక్షన్స్ అనే రికార్డు సంస్థను ప్రారంభించి ఈజీబీట్స్‌ను తీర్చిదిద్దాడు. 1973లో లండన్ నుంచి తిరిగి వచ్చిన జార్జ్, హ్యారీలకు సిడ్నీ కింగ్ వీధిలోని సొంత భవనంలో స్టూడియోను అప్పగించి, గంటకు ఇంత అని లెక్క అడగకుండా పని చేసుకోనిచ్చాడు. పెద్ద విదేశీ కంపెనీల శాఖలు రాజ్యమేలుతున్న ఆస్ట్రేలియా రికార్డు రంగంలో ఇది అరుదైన ఏర్పాటు. పాటల హక్కులు, స్టూడియో, నిర్మాతలు అందరూ ఒకే కప్పు కింద ఉండడం వల్లనే, ఒక కుర్రాళ్ల బృందం నాలుగేళ్లలో ఐదు ఆల్బములు చేయగలిగింది. రికార్డింగులో నిర్మాత అంటే పెట్టుబడి పెట్టేవాడని తెలుగు సినిమా అలవాటు కొద్దీ అనుకోవచ్చు గాని, ఇక్కడ ఆ మాటకు పాట ఎంపిక, వాద్యాల అమరిక, ధ్వని స్వభావం నిర్ణయించే సంగీత పర్యవేక్షకుడని అర్థం చేసుకోవాలి.

ఇక శ్రోతల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల్లో పబ్బులను సాయంత్రం ఆరు గంటలకే మూసివేయాలన్న చట్టం వచ్చింది. మితపానం అలవరచడానికి తెచ్చిన ఆ చట్టం వల్ల, ఐదు గంటలకు పని ముగించుకున్న కార్మికులు ఆ ఒక్క గంటలోనే తాగగలిగినంత తాగేయడమన్నది అక్కడి ఆచారమైంది; కడగడానికి వీలుగా గోడలకు పలకలు అతికించి, కుర్చీలూ బల్లలూ తీసివేసిన ఆ గదులు మనుషులు కూర్చునే చోట్లలా ఉండేవి కావు. న్యూ సౌత్ వేల్స్‌లో 1955లో, విక్టోరియాలో 1966లో ఈ నిబంధన తొలగి పబ్బులు రాత్రి పదింటి వరకు తెరిచి ఉండసాగాక, ఆ ఖాళీ గంటలను నింపడానికి యజమానులకు సంగీతం కావలసి వచ్చింది. శివారు ప్రాంతాల్లో కార్లు నిలుపుకొనే పెద్ద స్థలాలతో, వందలమంది నిలబడగలిగే హాళ్లతో కొత్త పబ్బులు వెలిశాయి. అక్కడ చేరే జనం తాగి, అరిచి, నచ్చకపోతే గ్లాసులు విసిరే రకం. బల్లల దగ్గర జరిగే మాటల హోరును దాటి వినిపించడమే అక్కడ పాడే బృందానికి మొదటి అర్హత, పాటకూ పాటకూ మధ్య ఖాళీ ఇవ్వకపోవడం రెండోది, కాళ్లు కదిలించే లయ మూడోది. మెల్‌బోర్న్ పరిసరాల్లో బిల్లీ థోర్ప్ అండ్ ది ఆజ్‌టెక్స్ వంటి బృందాలు చెవులు చిల్లులు పడే తీవ్రతతో ఈ మార్గాన్ని ముందే వేసి ఉంచాయి. ఏసీ/డీసీ తొలి ప్రదర్శన 1973 డిసెంబర్ 31న సిడ్నీలోని చెకర్స్ నైట్ క్లబ్బులో జరిగినా, వారిని రాటుదేల్చినవి మాత్రం ఈ పబ్బులే.

బృందం పేరు, వేషం కూడా ఇంట్లో పుట్టినవే. కుట్టుమిషను మీద ఉన్న విద్యుత్ ప్రవాహాన్ని సూచించే అక్షరాలను చూసి వారి అక్క మార్గరెట్ ఆ పేరు సూచించిందని చెబుతారు. ఆంగస్ బడి నుంచి వచ్చి దుస్తులు మార్చుకోకుండానే గిటారు పట్టుకోవడం చూసి, బడి దుస్తులతోనే వేదిక ఎక్కమని సలహా ఇచ్చినదీ ఆమెయే. ఆ నిక్కరు, టోపీ, టైలను ఆంగస్ డెబ్బయ్యో పడిలో పడిన తర్వాత కూడా విడిచిపెట్టలేదు.

అందరి కళ్లూ ఆంగస్ మీద ఉన్నా, ఆల్బములను నడిపినవాడు మాల్కమ్. ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని పాట పొడవునా పునరావృతం చేస్తూ దాని మీద పాటంతా నిలబెట్టడాన్ని రాక్ సంగీతంలో రిఫ్ అంటారు. కీర్తనకు పల్లవి ఎలాంటిదో ఈ రకపు పాటకు రిఫ్ అలాంటిది. మెటల్ బృందాలు సాధారణంగా షడ్జ పంచమాలను మాత్రమే కలిపి మీటి, మధ్యనున్న గాంధారాన్ని వదిలేసి, ఆ మిగిలిన రెండు స్వరాలను యాంప్లిఫయరులో గరుకెక్కిస్తాయి. దీనికి పవర్ కార్డ్ అని పేరు. యంగ్ సోదరులు అందుకు భిన్నంగా గరుకుదనాన్ని తగ్గించి పెట్టుకొని, తంతులను గాంధారంతో సహా పూర్తిగా మీటి, వెంటనే చేత్తో అదిమి నిశ్శబ్దం చేసేవారు. హ్యారీ వాండా ఇచ్చిన గ్రెచ్ గిటారునే మాల్కమ్ దాదాపు జీవితాంతం వాయించాడు. మెల్‌బోర్న్ నుంచి 1975లో వచ్చి చేరిన ఫిల్ రడ్ డ్రమ్ములు నాలుగు మాత్రల ఆవర్తంలో రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద ఒక్కొక్క దెబ్బ వేసి అంతటితో ఊరుకునేవి. విన్యాసాలు చేసే అవకాశం వచ్చినా ఆయన చేయడు. వాయించనిచోట ఉన్న ఈ ఖాళీయే ఏసీ/డీసీ ధ్వనికి ప్రాణం. ఆ ఖాళీ నిండిపోయిన ఆల్బములన్నీ చెడ్డవేనన్నది, కొంచెం మొరటుగా ఉన్నా, పొల్లుపోని సూత్రం.

తొలి గాయకుడు డేవ్ ఇవాన్స్‌ను 1974లో మార్చి, ఆ స్థానంలోకి బాన్ స్కాట్‌ను తీసుకోవడంతో బృందానికి మాట దొరికింది. స్కాట్లాండ్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఆస్ట్రేలియాకు వచ్చి, పడమటి తీరాన ఫ్రీమాంటిల్ రేవు పట్టణంలో పెరిగిన బాన్, అప్పటికే వాలెంటైన్స్, ఫ్రాటర్నిటీ అనే రెండు బృందాల్లో పాడి ఓడిపోయినవాడు. మాల్కమ్ కంటే ఆరేళ్లు, ఆంగస్ కంటే దాదాపు తొమ్మిదేళ్లు పెద్ద. కూలి పని, జైలు, అప్పు, దారి ఖర్చులకు డబ్బు లేకపోవడం వంటివి ఎగతాళి చేస్తూ చెప్పగల కవి అతను. ఆడవారి గురించిన అతని పాటల్లో మోటు హాస్యం నేటి చెవికి ఇబ్బందికరంగా తోస్తుంది, తోచడం సబబే కూడా. కానీ ఆ పాటల్లో చివరికి నవ్వులపాలయ్యేది ఎక్కువగా పాడేవాడే.

1975 ఫిబ్రవరిలో వచ్చిన ‘హై వోల్టేజ్’ తడబాటున్న ఆల్బము. బ్లూస్ అనే అమెరికా నల్లజాతి సంగీతపు అనుకరణలు, ప్రేమగీతాలు కలగాపులగంగా ఉంటాయి. అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన ‘టీఎన్‌టీ’తో బాణీ కుదిరింది. దాని మొదటి పాట ‘ఇట్స్ ఎ లాంగ్ వే టు ద టాప్’లో జార్జ్ యంగ్ సలహా మీద గిటార్లకు పోటీగా స్కాటిష్ బ్యాగ్‌పైపును వినిపించారు. గాలి తిత్తికి గొట్టాలు అమర్చి, ఆధార శ్రుతి ఎడతెగకుండా మోగుతుండగా మరో గొట్టంతో స్వరాలు పలికించే వాద్యమది. తెలుగు జానపదుల తిత్తికి దూరపు చుట్టం. ఫ్రీమాంటిల్ స్కాటిష్ బ్యాండులో బాన్ వాయించినది నిజానికి డ్రమ్ము మాత్రమే. రికార్డు కోసం ఆ వాద్యాన్ని అతను కొత్తగా పట్టుకోవలసి వచ్చింది. 1976 ఫిబ్రవరి 23న మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ వీధిలో, బ్యాగ్‌పైపుల వాళ్లతో సహా ఒక ట్రక్కు మీద నిలబడి వెళుతూ వాయించిన దృశ్యాన్ని ఏబీసీ టెలివిజన్ వారి ‘కౌంట్‌డౌన్’ కార్యక్రమం కోసం చిత్రీకరించారు. 1975లో రంగుల టెలివిజన్ వచ్చిన దేశంలో, ఆదివారం సాయంత్రాల్లో ప్రసారమయ్యే ఆ కార్యక్రమం పబ్బుల్లోకి అడుగుపెట్టలేని బాలబాలికల దగ్గరికి ఈ సంగీతాన్ని చేర్చింది.

ఇక్కడి నుంచి ఆల్బముల లెక్కలో ఒక చిక్కు మొదలవుతుంది. అమెరికాకు చెందిన అట్లాంటిక్ సంస్థ 1976లో ప్రపంచ విపణికి విడుదల చేసిన ‘హై వోల్టేజ్’, పేరు పాతదే అయినా, తొమ్మిది పాటల్లో ఏడు ‘టీఎన్‌టీ’ నుంచి, రెండు మాత్రమే మొదటి ఆల్బము నుంచి తీసుకున్న సంకలనం. అదే ఏడాది వచ్చిన ‘డర్టీ డీడ్స్ డన్ డర్ట్ చీప్’ పాటల జాబితా కూడా ఆస్ట్రేలియాలో ఒకటి, బయట మరొకటి. మాల్కమ్ రిఫ్‌కు మంచి ఉదాహరణ అయిన ‘జైల్‌బ్రేక్’ బయటి ప్రతిలో లేదు. అమెరికా శాఖ ఆ ఆల్బమును తమకు పనికిరాదని పక్కన పడేసి, బృందం పేరు మారుమోగిన తర్వాత 1981లో బయటికి తీయగా, అది అక్కడి పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది. ఐదేళ్ల పాత సరుకుకు దక్కిన ఆ స్థానం, 1980లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బముకు దక్కినదాని కంటే ఒక మెట్టు పైది కావడం, పట్టికలను నమ్మేవారు ఆలోచించుకోవలసిన విషయం.

స్వదేశంలో అప్పటికే వారి పట్ల వ్యతిరేకత మొదలైంది. 1976 చివర పర్యటనలో కొన్ని పట్టణాల అధికారులు హాలు ఇవ్వ నిరాకరించారు. 1976లోనే లండన్‌ను కేంద్రం చేసుకున్న బృందం, ఆ పర్యటన ముగిశాక 1981 వరకు మళ్లీ ఆస్ట్రేలియాలో పర్యటించనే లేదు. కానీ రికార్డింగుకు మాత్రం కింగ్ వీధికే వచ్చేది. 1977లో వచ్చిన ‘లెట్ దేర్ బి రాక్’ ఆ స్టూడియో పద్ధతికి పరాకాష్ఠ. వాద్యకారులందరూ ఒకే గదిలో కలిసి వాయించడం, పొరపాట్లు దొర్లినా ఊపు తగ్గని ప్రతినే ఉంచుకోవడం జార్జ్, హ్యారీల నియమం. పేరు పాట చివరలో ఆంగస్ యాంప్లిఫయరు పొగలు కక్కుతున్నా ఆపవద్దని జార్జ్ అద్దం వెనుక నుంచి సైగ చేశాడన్న కథ బృందంవారు పలుమార్లు చెప్పుకున్నదే.

1978 మేలో వచ్చిన ‘పవరేజ్’ దగ్గర ఎక్కువసేపు ఆగడం న్యాయం. బేస్ గిటారుకు మార్క్ ఇవాన్స్ స్థానంలో ఇంగ్లండ్‌కు చెందిన క్లిఫ్ విలియమ్స్ వచ్చిన తర్వాత చేసిన తొలి ఆల్బమిది. బేస్ అంటే మంద్రస్థాయి స్వరాలతో గిటార్లకూ డ్రమ్ములకూ వంతెన కట్టే వాద్యం. విలియమ్స్ వచ్చాక ఆ వంతెన ఎక్కడుందో తెలియనంత నిశ్చలమైంది. ఈ ఆల్బములో బాన్ రాసిన మాటలు అంతకు ముందువాటి కంటే చీకటివి. కారు కొనడానికి కిస్తీ కట్టాడు గాని పెట్రోలుకు డబ్బులేనివాడు, జూదంలో అదృష్టాన్ని వెతికేవాడు, మత్తుమందుకు లోబడిన స్నేహితురాలిని చూస్తూ ఏమీ చేయలేనివాడు అక్కడి పాత్రలు. ‘డౌన్ పేమెంట్ బ్లూస్’లో గిటార్లు ఆరు నిమిషాల పాటు దాదాపు ఏమీ చేయకుండా ఒకే అడుగు వేస్తూ పోతుంటే, ఆ పేదరికపు విసుగు మాటల్లో కంటే లయలోనే ఎక్కువ తెలుస్తుంది. ‘గాన్ షూటిన్’ అంతకంటే పొదుపైనది. అమ్మకాల్లో ఈ ఆల్బము వెనుకబడింది, రేడియోకు తగిన పాట లేదని కంపెనీ ఒత్తిడి చేయగా ఒక పాటను ప్రత్యేకంగా చేర్చవలసి కూడా వచ్చింది. అయినా ఆస్ట్రేలియాలో తయారైన రాక్ ఆల్బముల్లో ఇంత తక్కువ సామగ్రితో ఇంత బరువు మోసినది మరొకటి కనిపించదు. ఆ ఏడాదే గ్లాస్గో అపోలో థియేటరులో, అంటే యంగ్ సోదరుల పుట్టిన ఊళ్లో, రికార్డు చేసిన ‘ఇఫ్ యు వాంట్ బ్లడ్’ ప్రదర్శన ఆల్బము ఈ దశకు తగిన ముగింపు.

పవరేజ్ అమ్మకాలతో తృప్తి చెందని అట్లాంటిక్ సంస్థ జార్జ్, హ్యారీలను తప్పించాలని పట్టుబట్టింది. సొంత అన్నను పక్కన పెట్టవలసి రావడం తమ్ముళ్లకు మింగుడుపడని విషయమే అయినా, చివరికి నాటి ఉత్తర రొడీషియా, అంటే నేటి జాంబియాలో పుట్టిన రాబర్ట్ జాన్ ‘మట్’ లాంగ్ నిర్మాతగా లండన్‌లో ‘హైవే టు హెల్’ తయారై 1979 జూలైలో విడుదలైంది. వారాల్లో ముగిసే పనిని లాంగ్ నెలలకు సాగదీశాడు. ప్రతి వాద్యాన్నీ విడివిడిగా శుభ్రం చేశాడు, చరణం చివర అందరూ కలిసి పాడే వంతపాటను కట్టుదిట్టం చేశాడు, బాన్‌కు ఊపిరి ఎక్కడ తీయాలో నేర్పాడు. అతను బాణీని మార్చకుండా దాని మీది దుమ్ము మాత్రమే దులిపాడు. ఆ విచక్షణే అతన్ని తర్వాత వచ్చిన నిర్మాతల నుంచి వేరు చేస్తుంది. అమెరికాలో బృందానికి పది లక్షల ప్రతుల అమ్మకం మొదటిసారి దీనితోనే దక్కింది.

1980 ఫిబ్రవరి 19న లండన్‌లో, రాత్రంతా తాగి ఒక కారులో నిద్రపోయిన బాన్ స్కాట్ 33 ఏళ్ల వయసులో మరణించాడు. మితిమీరిన మద్యమే కారణమని విచారణాధికారి తేల్చాడు. ఆస్ట్రేలియా పబ్బుల్లో పుట్టిన సంగీతం తన గొంతును ఆ పబ్బుల అలవాటుకే పోగొట్టుకుందని అనడంలో అతిశయోక్తి లేదు. అస్థికలను ఫ్రీమాంటిల్‌లో ఉంచారు.

ఐదు నెలలు దాటగానే, 1980 జూలై 25న, ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చింది. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతానికి చెందిన బ్రయన్ జాన్సన్, అంతకుముందు జార్డీ అనే బృందంలో పాడి, ఆపైన కారు పైకప్పుల మరమ్మతు వ్యాపారం చేసుకుంటున్నవాడు, కొత్త గాయకుడయ్యాడు. బహామాస్ దీవుల్లోని నాసౌలో లాంగ్ నిర్మాతగా రికార్డు చేశారు. ‘హెల్స్ బెల్స్’ అనే మొదటి పాట గంట మోతతో మొదలవుతుంది. ఆ గంటను ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో పట్టణంలో జాన్ టేలర్ వారి గంటల పోతపని కర్మాగారంలో ప్రత్యేకంగా పోయించారు. నలుపు అట్ట, గంటల మోత, ఆ తర్వాత నెమ్మదిగా ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరే గిటార్లు: చనిపోయినవాడి పేరు ఎక్కడా ఎత్తకుండా అతనికి చేసిన కర్మకాండ ఇది. జాన్సన్ గొంతు బాన్ గొంతు కంటే పై స్థాయిలో, పొర చిరిగినట్లు పలుకుతుంది. హాస్యం తక్కువ, బలం ఎక్కువ. అమెరికాలోనే రెండున్నర కోట్లకు మించి అమ్ముడైనట్లు అక్కడి రికార్డు పరిశ్రమ సంఘం ధ్రువీకరించిన ఈ ఆల్బము, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైనవాటిలో ఒకటి. అమ్మకాల్లో దీనికి సాటి లేదు, సాహిత్యంలో పవరేజ్‌కు ఇది సాటి రాదు.

1981 నవంబర్‌లో వచ్చిన ‘ఫర్ దోజ్ అబౌట్ టు రాక్’ అమెరికా పట్టికలో మొదటి స్థానం అందుకున్న వారి తొలి ఆల్బము, లాంగ్‌తో చివరిది కూడా. ఆ తర్వాత సొంతంగా నిర్మించుకున్న ‘ఫ్లిక్ ఆఫ్ ద స్విచ్’ 1983లోనూ, ‘ఫ్లై ఆన్ ద వాల్’ 1985లోనూ వచ్చాయి. ఫిల్ రడ్ 1983లో తొలగిపోయాడు, గొంతు ధ్వని అడుగున పడిపోయింది, గిటార్ల మధ్య ఉండే ఖాళీని ప్రతిధ్వని కమ్మేసింది. 1985నాటి ఆల్బమును రెండోసారి వినవలసిన అవసరం లేదు. 1988లో జార్జ్, హ్యారీలు తిరిగి నిర్మాతలుగా వచ్చి చేసిన ‘బ్లో అప్ యువర్ వీడియో’ పూర్వస్థితిని కొంత నిలబెట్టింది. ఆ ఏడాదే ఆస్ట్రేలియా రికార్డు పరిశ్రమ సంఘం తన గౌరవ పట్టికను మొదలుపెట్టి, తొలి విడతలోనే వారి పేరు చేర్చింది.

1990 నాటి ‘ద రేజర్స్ ఎడ్జ్’ నుంచి మాటలు కూడా అన్నదమ్ములే రాయసాగారు. కెనడాలోని వాంకూవర్‌లో బ్రూస్ ఫెయిర్‌బెయిర్న్ నిర్మించిన ఆ ఆల్బములో, ఆంగస్ ఎడమచేతి వేళ్లు తంతి మీద కొట్టి లాగుతూ సాగించే ‘థండర్‌స్ట్రక్’ ఆరంభం ఈనాటికీ క్రికెట్, ఫుట్‌బాల్ మైదానాల్లో మోగుతోంది. సంగీతం తెలియని ఆస్ట్రేలియా వాసికి ఏసీ/డీసీ అంటే ఈ ఒక్క పాటే గుర్తొస్తే అది ఆల్బము దోషం అనలేము. రడ్ తిరిగి వచ్చాక రిక్ రూబిన్ నిర్మించిన ‘బాల్‌బ్రేకర్’ 1995లో, జార్జ్ యంగ్ తమ్ముళ్లకు చివరిసారిగా నిర్మించిన ‘స్టిఫ్ అప్పర్ లిప్’ 2000లో వచ్చాయి. రెండోదానికి తగినంత పేరు రాలేదు. అందులో బ్లూస్ మూలాల దగ్గరికి నింపాదిగా నడిచి వెళ్లిన మాల్కమ్ కనిపిస్తాడు. 2008 నాటి ‘బ్లాక్ ఐస్’ 15 పాటలతో మరీ పొడవైంది. అమెరికాలో దానిని ఒక్క వాల్‌మార్ట్ దుకాణాల ద్వారానే అమ్మడం, పాటలను విడివిడిగా అమ్మనివ్వడం ఇష్టంలేక 2012 నవంబర్ దాకా ఐట్యూన్స్‌కు ఇవ్వకపోవడం చూస్తే, ఆల్బము అనేది మొత్తంగా వినవలసిన వస్తువన్న నమ్మకం ఈ బృందానికి ఎంత గట్టిదో తెలుస్తుంది.

మతిమరుపు వ్యాధి వల్ల మాల్కమ్ 2014లో తప్పుకోగా, అన్న కొడుకు స్టీవీ యంగ్ ఆ గిటారు అందుకుని ‘రాక్ ఆర్ బస్ట్’ను పూర్తిచేశాడు. 2017 అక్టోబర్‌లో జార్జ్, నవంబర్ 18న మాల్కమ్ నెల తేడాలో మరణించారు. మాల్కమ్ అంత్యక్రియలు సిడ్నీ సెయింట్ మేరీస్ కెథెడ్రల్‌లో జరిగాయి. 2020 నవంబర్‌లో వచ్చిన ‘పవర్ అప్’లోని పాటలన్నీ అన్నదమ్ములు ఇద్దరూ కలిసి కట్టి దాచిపెట్టుకున్న రిఫ్‌ల నుంచి తయారైనవి కాబట్టి, ప్రతి పాట కిందా మాల్కమ్ పేరు ఉంది. చనిపోయినవాడి బాణీని మార్చకుండా వాడుకోగలగడం, ఆ బాణీ మారకపోవడం వల్లనే సాధ్యమైంది.

ఒకప్పుడు హాళ్లు నిరాకరించిన దేశం క్రమంగా వారిని తన వారసత్వంలో చేర్చుకుంది. మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ 2004లో కార్పొరేషన్ లేన్‌ను ఏసీ/డీసీ లేన్‌గా మార్చింది. ఫ్రీమాంటిల్‌లో 2008లో బాన్ విగ్రహం వెలిసింది. 2020 మార్చి 1న పెర్త్ కళోత్సవంలో భాగంగా క్యానింగ్ రహదారిని పది కిలోమీటర్ల మేర మూసి, ట్రక్కుల మీద బృందాలు అతని పాటలు వాయిస్తుంటే లక్షకు పైగా జనం చేరారు. సిడ్నీ బర్‌వుడ్ పేటలోని యంగ్ కుటుంబపు ఇంటికి మాత్రం అంత గౌరవం మిగల్లేదు. వారసత్వ సంస్థ 2013లో దానిని గుర్తించినా, పదేళ్లకు కొత్త భవనాల కోసం పడగొట్టారు.

ఈ బృందాన్ని కొత్తగా వినదలచినవారు అందరూ చెప్పే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం కద్దు. అందుకు బదులు ‘టీఎన్‌టీ’, ‘లెట్ దేర్ బి రాక్’, ‘పవరేజ్’, ఈ మూడింటినీ ఇదే వరుసలో, మొదటిదాన్ని వీలైతే ఆస్ట్రేలియా ప్రతిలో, గిటారు ఎక్కడ మోగుతుందో కాక ఎక్కడ ఆగుతుందో గమనిస్తూ వినడం మేలు.